పావురానికి మన అపార్ట్‌మెంట్ ఒక కొండ

హన్మకొండలో మేముండే ఫ్లాట్‌లో ఏసీ ఔట్‌డోర్ యూనిట్ వెనక ఏడాదిలో ఎన్నిసార్లు పావురం గుడ్లు పెడుతుందో లెక్క తప్పింది. గూడు అంటే పది పన్నెండు పుల్లలు, నాలుగు చీపురు పుల్లలు, అంతే. దాని మీద రెండు తెల్లటి గుడ్లు. అవి ఎప్పుడు దొర్లి కింద పడతాయోనని మొదట్లో నాకు ఒకటే టెన్షన్. తర్వాత అర్థమైంది, ఇది చెట్టు మీద బతికే పక్షి కాదు. వీటి పూర్వీకులు కొండ చరియల్లో, రాతి అంచుల మీద గుడ్లు పెట్టుకున్నవి, అందుకే అల్లిక పని పెద్దగా రాదు, చదునుగా కొంచెం జాగా దొరికితే చాలు. మన సజ్జా, కిటికీ గట్టు, ఏసీ వెనక సందు దానికి అచ్చం కొండ చరియే. ఓరుగల్లును ఏకశిలానగరం అంటాం కదా, పావురం కళ్లతో చూస్తే ఇప్పుడు గల్లీకో ఏకశిల లేచింది.

పిల్లల మేతకు కూడా దానికి ఇబ్బంది లేదు. పావురానికి గొంతు కింద మేత దాచుకునే సంచి ఉంటుంది, గుడ్లు పిగిలే సమయానికి తల్లికీ తండ్రికీ ఇద్దరికీ అందులో పెరుగులాంటి పదార్థం ఊరుతుంది, మొదటి రోజుల్లో పిల్లలకు అదే తిండి. అంటే మనం చౌరస్తాలో పోసే జొన్నలు, మక్కలు తిని కూడా అది పిల్లల్ని పెంచేయగలదు. పుణ్యమని బస్తాలకు బస్తాలు పొయ్యడం మాత్రం నాకు నచ్చదు. ఎండిన రెట్ట దుమ్ము రోజూ పీల్చేవాళ్లలో కొందరికి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

పిచ్చుకకు ఇవేవీ సరిపోవు. దానికి గట్టు కాదు, కన్నం కావాలి. మా నాయనమ్మ వాళ్లది పరకాల దగ్గర గూనపెంకల ఇల్లు, వాసానికీ పెంకకూ మధ్య అరచెయ్యి పట్టనంత సందుల్లో ఎన్ని జంటలు ఉండేవో! ఆమె చాటలో బియ్యం చెరుగుతుంటే నూకల కోసం కాళ్ల దగ్గరిదాకా వచ్చేవి. నూకలు పెద్దవాటికే, గూట్లో పిల్లలకు మాత్రం పురుగులే పెట్టాలి, మెత్తటి పురుగు లేకపోతే ఆ పిల్ల ఎదగదు. ఇప్పుడు స్లాబు ఇంటికి సందు లేదు, బియ్యం ప్యాకెట్‌లో శుభ్రంగా వస్తున్నాయి, వాకిలికి టైల్స్ వేశాం, ఉన్న నాలుగు మొక్కలకూ మందు కొడుతున్నాం. పిచ్చుకలు తగ్గాయంటే చాలామంది సెల్ టవర్లనే తిడతారు, నేనైతే ముందు ఇంటి చూరు వైపు చూస్తాను.

కాకికి ఈ బాధ లేదు, మన చెత్తే దాని పంట. గూట్లో పుల్లలతో పాటు ఇనుప తీగ ముక్కలు కూడా ఇరికిస్తుంది. అంత కష్టపడి కట్టిన గూట్లో కోయిల వచ్చి గుడ్డు పెట్టిపోతుంది, కాకి గుడ్ల కన్నా ఆ గుడ్డు రెండు మూడు రోజులు ముందే పిగులుతుంది, మేత దానికే ముందు అందుతుంది. ఎండాకాలం తెల్లవారుజామున మనం మురిసిపోయి వినే కుహూ కుహూ మగ కోయిలది. ఆ పాట ఊళ్లో వినపడాలంటే ముందు కాకి ఉండాలి, మనం కాకిని చనిపోయినవాళ్ల పేరు మీద పిట్టకు పెట్టే రోజున తప్ప పిలవం.

పోయిన వేసవిలో పరకాలలో మా అమ్మ వాళ్ల ఇంటి చూరుకు ఒక మట్టి ముంత కట్టాను, గోరింక దూరకుండా దానికి 32 మిల్లీమీటర్ల కన్నం మాత్రమే చేయించి. నెలన్నర దాకా ఒక్కటీ రాలేదు. తర్వాత ఒక జంట ఎండుగడ్డి, కోడి ఈకలు మోసుకు రావడం మొదలుపెట్టింది. అమ్మ ఫోన్ చేసి, "లోపల కిచకిచ వినవస్తుందిరా, వంగ చెట్లకు మందు కొట్టొద్దని మీ నాయనకు చెప్పిన" అంది. ఆ ఆదివారం పోయి చూస్తే తల్లి పిచ్చుక ముక్కున పచ్చటి పురుగు ఇంకా మెలికలు తిరుగుతోంది, కన్నం లోంచి మూడు పసుపుపచ్చ నోళ్లు.