కొత్త సంఘం, పాత చిరునామాలు: దక్షిణ ఒడిశా తెలుగు క్రైస్తవుల్లో ‘దర్శనం’ చర్చ వెనుక కథ

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, సునాబెడ. ఈ ఊళ్లలో నాలుగు తెలుగు క్రైస్తవ కుటుంబాలు చేరి కొత్త సంఘం పెట్టుకోవడం ఇప్పుడు వింతేమీ కాదు. ముందు ఒకరింట్లో గృహ కూటం మొదలవుతుంది. తర్వాత శుక్రవారం ఉపవాస ప్రార్థన, ఆపైన ఆదివారం ఆరాధన. హాలు అద్దెకు తీసుకునే నాటికి ఎవరో ఒకరు అడుగుతారు: “మన సంఘం దర్శనం (విజన్) ఏమిటి? దేనికి కట్టుబడి ఉంటాం? రాసుకుందామా?”

ప్రేమ, పరిశుద్ధత, ప్రార్థన, సువార్త. ఈ మాటల దగ్గర ఎవరికీ పేచీ ఉండదు. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వాలా, ప్రభువు బల్ల (రొట్టె విరవడం) ప్రతి ఆదివారమా నెలకొకసారా, కానుకల లెక్క ఎవరు చూడాలి, ప్రసంగం ఏ భాషలో అనే దగ్గరికి రాగానే టెన్షన్ మొదలవుతుంది. అప్పటిదాకా ఒకే గొంతుతో పాడినవాళ్లు ఆ కాగితం ముందు రెండుగా చీలతారు. కొత్త పాస్టరు గారు దీన్ని మనస్పర్థ అనుకుంటారు, ఇంకా ప్రార్థన చేద్దామంటారు. ప్రార్థన మంచిదే. కానీ ఆ పేచీలు ఆ హాల్లో పుట్టినవి కావు. కొన్నింటి వయసు వందేళ్లు, కొన్నింటిది రెండు వందల ఏళ్లు.

తెలుగువాళ్లకు ప్రొటెస్టెంటు విశ్వాసం ఈ ప్రాంతంలో రెండు వైపుల నుంచి వచ్చింది. దక్షిణాన విశాఖపట్నంలో లండన్ మిషనరీ సొసైటీవాళ్లు 1805లో దిగారు. ఉత్తరాన కటకంలో ఇంగ్లండు జనరల్ బాప్టిస్టులు 1822లో పని మొదలుపెట్టి, కొన్నేళ్లకే బరంపురం దాకా వచ్చారు. ఆ ఒడిశా మిషన్‌లో తొలి బాప్తిస్మం పొందిన మనిషి ఒడియా ఆయన కాదు. 1827లో బరంపురంలో బాప్తిస్మం తీసుకున్న తెలుగువాడు. రికార్డుల్లో ‘ఎరున్’ అని రాశారు, మన నోట ఎర్రన్న అయి ఉండొచ్చు. ఒడిశాలో తెలుగు సంఘాలంటే నిన్నగాక మొన్న ఉద్యోగాలకు వచ్చినవాళ్ల వ్యవహారం అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి 1833లో క్రైస్తవుడై కీర్తనలు రాశారు. ఆయన పాటలు లూథరన్, బాప్టిస్టు, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) శాఖలనే తేడా లేకుండా తెలుగు సంఘాలన్నిటా నేటికీ పాడుతున్నారు. పాటల్లో దొరికిన ఈ ఏకత్వం పద్ధతుల్లో మాత్రం దొరకలేదు. లండన్ మిషన్ శిశువులకు కూడా బాప్తిస్మం ఇచ్చేది. బాప్టిస్టులు నమ్మి, ఒప్పుకున్న పెద్దవాళ్లనే నీళ్లలో ముంచేవారు. తెలుగు నేల మీద ఈ రెండు పద్ధతులూ దాదాపు మొదటి నుంచీ పక్కపక్కనే ఉన్నాయి.

పందొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో పటం ఇంకా రంగులు మార్చుకుంది. కెనడా బాప్టిస్టులు 1874లో కాకినాడలో మొదలుపెట్టి బొబ్బిలి, భీమిలి, శ్రీకాకుళం మీదుగా పర్లాకిమిడి దాకా వచ్చారు. ఉత్తర జర్మనీలోని బ్రెక్లుమ్‌లో 1876లో ఏర్పడిన లూథరన్ మిషన్ 1880ల మొదట్లో ఇద్దరిని పంపింది. వాళ్ల పని కోరాపుట్ ప్రాంతంలోని జయపురం సంస్థానంలోనూ సాలూరులోనూ స్థిరపడింది. గుంటూరులో 1842లోనే అమెరికా లూథరన్ మిషనరీ హేయర్ అడుగుపెట్టాడు. నెల్లూరు, ఒంగోలు అమెరికా బాప్టిస్టులవి. 1878 జులై 3న ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది వాళ్లే. నరసాపురం వైపు బ్రదరన్ వాళ్లు. మిషన్లు ఒకరి పొలంలో ఒకరు విత్తనాలు చల్లకూడదని ఒప్పందాలు చేసుకున్నాయి. ఈ తాలూకా మీది, ఆ తాలూకా మాది అని గీతలు గీసుకున్నాయి.

నా దృష్టిలో ఈ కథ మొత్తానికి కీలకం ఆ గీతలే. మా తాత లూథరన్, మా అమ్మ తరఫువాళ్లు బాప్టిస్టులు అని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ తాత లూథరన్ల మూల పత్రమైన ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన చదివి తూచి లూథరన్ అవలేదు. ఆయన ఊరు ఆ మిషన్ వాటాలో ఉంది, అంతే. నది అవతల పుట్టి ఉంటే బాప్టిస్టు అయ్యేవాడు. ముత్తాత చిరునామా మునిమనవడి సిద్ధాంతమైంది. ఇది విశ్వాసాన్ని తక్కువ చేసే మాట కాదు. వాళ్లు ఆ పద్ధతిలోనే దేవుణ్ని కలుసుకున్నారు, కష్టాలు పడ్డారు, పిల్లల్ని పెంచారు. అందుకే అది ఇంత గట్టిగా పాతుకుంది. కొత్త సంఘంలో “బైబిల్ ఏం చెబితే అదే మన పద్ధతి” అని ఒకరంటే, పక్కన కూర్చున్నవాళ్లు కూడా అదే అంటారు. ఇద్దరూ వేరే వేరే పద్ధతుల్ని మనసులో పెట్టుకునే అంటారు.

ఈ విలువలు రాసింది ఎవరు అన్నది ఇంకో ప్రశ్న. లూథరన్లు తెచ్చుకున్న ఆగ్స్‌బర్గ్ ప్రకటన 1530 నాటిది. బాప్టిస్టులు సంఘ నిబంధన పేరుతో సభ్యులంతా ఒప్పుకునే మాటలు తెచ్చారు. సంఘ కూడికలో అందరూ కలిసి నిర్ణయించుకునే అలవాటు వాళ్లది. ఇవన్నీ విదేశాల్లో తయారై, ఇక్కడికొచ్చి తెలుగులోకి మారినవే. మిషనరీ పెద్దల్లో హెన్రీ వెన్, రూఫస్ ఆండర్సన్ వంటివాళ్లు సంఘం తన ఖర్చు తానే భరించాలి, తన పాలన తానే చూసుకోవాలి, తన సువార్త తానే ప్రకటించాలి అని పందొమ్మిదో శతాబ్దంలోనే వాదించారు. ఆచరణలో జీతం మిషన్‌దే, భూమి మిషన్‌దే, తాళం చెవి కూడా మిషన్‌దే. వంట చేసేటప్పుడు సంఘం కోసం గుప్పెడు బియ్యం తీసి పెట్టే స్త్రీల అలవాటు ఒక్కటే చాలా చోట్ల నిజంగా స్థానికమైన ఆదాయం. స్వయంపోషణ గురించి ఇంత చర్చ జరిగినా దాన్ని పూర్తిగా ఆచరించింది వంటిళ్లే.

ఆ స్థితి మార్చాలని భారతీయులే పూనుకున్నారు. 1905 డిసెంబరు 25న సేరంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టింది. భారతీయ మనుషులు, భారతీయ ధనం, భారతీయ నాయకత్వం అన్నది దాని ఆశయం. అందులో ముందున్న వేదనాయకం సామ్యూల్ అజరయ్య 1912లో దోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. 1919లో తరంగంబాడిలో ఆయనతో సహా కొందరు కూర్చుని దక్షిణ భారతంలో సంఘాలు ఒకటవ్వాలని ప్రకటన చేశారు. ఆ ప్రకటన నుంచి 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం, అంటే సి.ఎస్.ఐ., ఏర్పడేదాకా 28 ఏళ్లు పట్టింది. ఉమ్మడి దర్శనాన్ని రెండు కూడికల్లో తేల్చేద్దామనుకునే వాళ్లకు ఈ అంకె చెప్పి చూడండి.

లూథరన్లు ఆ ఐక్యతలో చేరలేదు. ఆంధ్రా సువార్త లూథరన్ సంఘం 1927లో, జయపురం సువార్త లూథరన్ సంఘం 1928లో విడిగా ఏర్పడ్డాయి. ఒడిశాలో ఇంగ్లిషు బాప్టిస్టుల సంఘాలు చాలావరకు 1970 నవంబరు 29న ఏర్పడిన ఉత్తర భారత సంఘంలో, అంటే సి.ఎన్.ఐ.లో కలిశాయి. కొత్త సంఘాలకు పనికొచ్చే ఉదాహరణ ఏదైనా ఉందంటే నేను దీన్నే చూపిస్తాను. అందులో శిశు బాప్తిస్మం పాటించేవాళ్లూ, విశ్వాసుల బాప్తిస్మమే సరైనదనేవాళ్లూ ఉన్నారు. రెండూ చెల్లుతాయని రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. ఏది ఎన్నుకోవాలో కుటుంబానికి వదిలారు. విభేదాన్ని దాచకుండా ఒప్పందంలోనే దానికి చోటిచ్చారు. మన కొత్త సంఘాల కాగితాల్లో కనబడనిది ఇదే. ఒప్పుకున్నవి రాస్తారు, ఒప్పుకోనివి మౌనంగా వదిలేస్తారు. మొదటి పసిబిడ్డ పుట్టగానే ఆ మౌనం బయటపడుతుంది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం, కోరాపుట్ ప్రాంతాలు మద్రాసు రాష్ట్రం నుంచి విడిపోయాయి. పర్లాకిమిడి జమీందారీ కూడా చీలి, పట్నం ఒరిస్సాలోకి వెళ్లింది. దశాబ్దాలుగా ఆ ఊళ్లో ఉండి సవర భాష మీద పనిచేసిన గిడుగు రామమూర్తి ఆ ఏడాదే రాజమండ్రికి తరలిపోయారు. సంఘాలకు అలా వెళ్లిపోయే వీల్లేదు. కెనడా బాప్టిస్టు క్షేత్రం అటూ ఇటూ పడింది. ఆ సంఘాల సమాఖ్య అయిన కన్వెన్షన్ పెద్దలు కాకినాడలో, ప్రభుత్వం కటకంలో. బడుల్లో ఒడియా వచ్చింది. ఆరాధన తెలుగులోనే సాగింది. సవర గిరిజన విశ్వాసులు తమ భాషలో తమ సంఘాలు, తమ మండలి కట్టుకున్నారు. వాళ్లతో పోలిస్తే తెలుగు సంఘాలు కాస్త వెనక్కి చూస్తూ ఉండిపోయాయనే చెప్పాలి. పాస్టరు ఎక్కడి నుంచి రావాలన్నా, పెళ్లి సంబంధం చూడాలన్నా సరిహద్దు దాటాల్సిందే.

తర్వాత వచ్చింది పరిశ్రమల కాలం. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు, 1960లలో రాయగడ పేపరు మిల్లు, సునాబెడలో హెచ్.ఏ.ఎల్. విమాన ఇంజన్ల కర్మాగారం, 1980లలో దామంజోడిలో నాల్కో అల్యూమినా కర్మాగారం. ఈ కాలనీలకు గుంటూరు, గోదావరి, విశాఖ నుంచి తెలుగువాళ్లు వచ్చారు. మిషన్లు గీసుకున్న గీతలు ఇక్కడికొచ్చేసరికి చెరిగిపోయాయి. ఒకే వరుస క్వార్టర్లలో లూథరన్, బాప్టిస్టు, సి.ఎస్.ఐ., బ్రదరన్, పెంతెకొస్తు. మొదట్లో వాళ్లను కలిపింది భాష. క్రిస్మస్‌కు కలిసి పాడుకున్నారు, చావుకు కలిసి పాతిపెట్టారు.

మిషన్ గీతలు చెరిగిన ఈ ఖాళీలోకి సువార్తికుడు బక్త్‌సింగ్ ప్రభావంతో వచ్చిన సహవాసాలు చొచ్చుకొచ్చాయి. 1941లో మద్రాసులో మొదలై, హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా పెరిగిన ఆ సమాజాలకు మిషన్ పేరు లేదు, బిషప్ లేడు. అపొస్తలుల కార్యములు 2:42లో ఉన్న నాలుగే వాళ్ల పునాది: బోధ, సహవాసం, రొట్టె విరుచుట, ప్రార్థన. ఎవరైనా నేర్చుకోగలిగినంత చిన్న మాట, ఆదివారం ఆరాధన మొత్తాన్ని నడిపే మాట. ఈరోజు కొత్త సంఘాలు పేజీలకు పేజీలు రాసుకునే దర్శన పత్రాలకన్నా అది మేలైనదని నాకనిపిస్తుంది. అయితే అక్కడా పెద్దలు ఎవరు, వాళ్లను ఎవరు ఎన్నుకుంటారు అన్నది రాయలేదు. పోట్లాటలు అక్కడే వచ్చాయి. స్త్రీల విషయంలోనూ అంతే. ప్రార్థనను మోసేది వాళ్లు, పెద్దల జాబితాలో పేర్లు మాత్రం మగవాళ్లవి. సి.ఎస్.ఐ. 1976లోనే స్త్రీలకు గురుత్వాభిషేకం (పాస్టరుగా నియామకం) ఇచ్చింది.

‘దర్శనం, లక్ష్యం, విలువలు’ అన్న వరుస తర్వాతి కాలం నాటి సంఘాభివృద్ధి శిక్షణల నుంచి వచ్చింది. ఆ ఆలోచనకు మూలపురుషుల్లో ఒకరైన డొనాల్డ్ మెక్‌గావ్రన్ పుట్టింది మన దేశంలోనే, దమోలో, 1897లో. మనుషులు తమ జాతి, భాష, వర్గం హద్దులు దాటకుండానే క్రైస్తవులు కావడానికి ఇష్టపడతారని ఆయన గమనించారు. గమనిక నిజమే. దాన్ని విలువగా మార్చుకుంటేనే చిక్కు. కోస్తాలో ఫలానా మిషన్‌లో ఎక్కువమంది మాలలు, ఫలానా దాంట్లో ఎక్కువమంది మాదిగలు అన్న తేడా ఉండేది. అది మిషన్ పేరుతో పాటు ఒడిశాకూ నడిచొచ్చింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కుల హోదా లేదు. అందుకే సభ్యత్వ పుస్తకంలో పేరు రాయించుకోవడానికి కొందరు వెనకాడతారు. ‘మాలో కులం లేదు’ అని గోడ మీద రాసిన సంఘం పెళ్లి ప్రకటన చదివే ఆదివారం ఏం చేస్తుందో చూడాలి.

చట్టం కూడా ఈ కాగితాన్ని చదువుతుంది. 1860 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు కలిసి ఆశయాలు రాసి సంతకాలు పెట్టాలి. చాలా సంఘాల మొదటి దర్శనం నిజానికి ప్లీడరు గుమస్తా టైపు చేసిన పాత నకలే. ఒడిశా మతస్వేచ్ఛ చట్టం 1967 నాటిది. బలవంతం, ప్రలోభం, మోసంతో మతమార్పిడిని నేరమంటుంది. సుప్రీంకోర్టు 1977లో దాన్ని సమర్థించింది. 2008లో కంధమాల్ హింస తర్వాత పక్కనే ఉన్న గజపతి జిల్లాలో ఈ విషయం మీద జాగ్రత్త ఇంకా పెరిగింది. “ఏడాదికి ఇన్ని ఆత్మలు” అని ఉత్సాహంగా లక్ష్యం రాసుకునేవాళ్లు ఆ వాక్యాన్ని మేజిస్ట్రేటు ముందు చదివితే ఎలా వినిపిస్తుందో ఆలోచించాలి. అప్పుడు నిజాయితీగా నిలబడే మాటే ఆదివారం కూడా చెప్పుకోవచ్చు.

ఇక భూమి. పాత ఉమ్మడి కోరాపుట్ జిల్లా, అంటే ఇప్పటి కోరాపుట్, రాయగడ, నబరంగపూర్, మల్కన్‌గిరి, అంతా షెడ్యూల్డు ప్రాంతం. 1956 నాటి నిబంధన వల్ల అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి మారడానికి వీల్లేదు. గిరిజన సభ్యుడి పేరు మీద కొని తెలుగు సంఘం కట్టుకోవడం సులువుగా కనబడే దారి. అది ఆయనకూ సంఘానికీ ముప్పే. అందుకే అద్దె హాళ్లు, లేకపోతే సభ్యుల ఇంటి స్థలం, లేకపోతే పాస్టరు గారి పేరు మీద పట్టా. మిషన్ ఆస్తుల మీద పెద్ద సంఘాల్లో కోర్టు కేసులు చూసి విసిగినవాళ్లు ‘మనకు ఆస్తి వద్దు’ అని మొదలుపెడతారు. పదేళ్లకు రేకుల షెడ్డు లేస్తుంది. షెడ్డు ఎవరి పేరున ఉంది, ఆయన పోతే ఆయన కొడుకు ఏమంటాడు, లెక్కలు ఎన్ని నెలలకోసారి అందరి ముందు చదవాలి అన్నవి విలువల కాగితంలో ప్రేమ, పరిశుద్ధతల పక్కనే రాయాల్సిన సంగతులు. పాత సభ్యుల్లో ఎవరో ఒకరు అవి రాద్దామంటారు. “అవి లౌకిక విషయాలు, బ్రదర్” అని ఇంకొకరు కొట్టేస్తారు.