స్టార్ట్ అవుతుంది, వెంటనే ఆగిపోతుంది

చలి పొద్దున పాత కారు సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది, పది పదిహేను సెకన్లు వణుక్కుంటూ తిరిగి టక్కున ఆగిపోతుంది. మళ్లీ కొడితే మళ్లీ అదే వరస. నాలుగోసారికి ఎలాగో నిలబడుతుంది, ఇక ఆ రోజంతా ఏ పేచీ ఉండదు. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లేసరికి ఇంజిన్ వేడెక్కి ఉంటుంది కాబట్టి ఆయన బానెట్ ఎత్తి, రెండుసార్లు రేజ్ చేసి చూసి, "బండి బానే ఉంది కదండీ" అనేస్తాడు. మనకి ఒళ్లు మండుతుంది గానీ ఆయన అబద్ధమేమీ చెప్పడం లేదు. వేడి ఇంజిన్‌లో ఈ జబ్బు నిజంగానే కనపడదు.

చాలామంది చేసే మొదటి పని బ్యాటరీ మార్చేయడం. చలికి బ్యాటరీ నీరసపడే మాట నిజమే, మైనస్ 18 డిగ్రీల దగ్గర లెడ్ యాసిడ్ బ్యాటరీ ఇవ్వగలిగేది దాని మామూలు బలంలో సుమారు సగమే. కానీ బ్యాటరీ దిగిపోతే ఇంజిన్ అసలు తిరగదు, లేదా ఈడ్చుకుంటూ తిరుగుతుంది. మన బండి అందుకున్నాక కదా ఆగిపోతోంది! అంటే బ్యాటరీ, స్టార్టర్ మోటారు తమ పని తాము చేసేశాయి. ఇక అనుమానించాల్సింది ముఖ్యంగా గాలికీ పెట్రోలుకీ మధ్య లెక్కని.

పెట్రోలు ద్రవంగా ఉండగా మండదు, ఆవిరై గాలిలో కలిస్తేనే మండుతుంది. బరువు లెక్కన చూస్తే ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ల గాలి ఉంటే రెండూ మిగలకుండా కాలిపోతాయి. చలిలో ఏమవుతుందంటే, వదిలిన పెట్రోలులో కొంత ఆవిరి కాకుండా ఇన్‌టేక్ (గాలి లోపలికి వెళ్లే దారి) గోడలకీ సిలిండర్ గోడలకీ తడిగా అంటుకుని ఉండిపోతుంది, మంటకి అందేది మిగతాదే. అందుకే చల్లటి ఇంజిన్‌కి మామూలు కంటే ఎక్కువ పెట్రోలు పొయ్యాలి. దీనికి తోడు ఇంజిన్ ఆయిల్ రాత్రంతా చల్లబడి చిక్కగా అయిపోయి ఉంటుంది, దాన్ని తోసుకుంటూ తిరగాలంటే వేగమూ కావాలి, అంటే గాలి కూడా ఎక్కువ కావాలి. వేడెక్కాక నిమిషానికి 700, 800 చుట్ల దగ్గర ఉండే ఐడిలింగ్ (యాక్సిలరేటర్ నొక్కకుండా ఇంజిన్ తిరిగే వేగం), పొద్దున్నే 1,200 పైన ఉండేది అందుకే. అదనపు పెట్రోలు, అదనపు గాలి, ఈ రెండిట్లో ఏది అందకపోయినా బండి ఆగిపోతుంది.

పెట్రోలుని చిమ్మే ఇంజెక్టర్లున్న కార్లలో ఈ లెక్కంతా కంప్యూటర్ చూసుకుంటుంది. దానికి పొగ గొట్టంలో ఒక ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది, మండగా మిగిలిన ఆక్సిజన్‌ని బట్టి పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో చెబుతూ ఉంటుంది. చిక్కేమిటంటే ఆ సెన్సర్ సుమారు 300 డిగ్రీల దాకా వేడెక్కితే గానీ పని చెయ్యదు. అప్పటిదాకా కంప్యూటర్‌ది గుడ్డిలెక్క, ముందే రాసిపెట్టిన పట్టిక చూసి పోస్తుంది. సెన్సర్ మేలుకున్నాక ఎక్కడైనా చిన్న గాలి లీకు ఉన్నా, ఇంకో సెన్సర్ కొంచెం తప్పు చెప్పినా, సర్దుబాటు చేసేస్తుంది. మెకానిక్‌కి మనం చూపించేది ఆ సర్దుబాటు అయిపోయిన బండిని.

ఆ పట్టిక చూడటానికి కంప్యూటర్ ప్రధానంగా నమ్మేది కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) టెంపరేచర్ సెన్సర్‌ని, పాత బండ్లలో నాకు మొదటి అనుమానం దీని మీదే. చాలా చిన్న వస్తువు, చల్లగా ఉంటే దీని నిరోధం ఎక్కువ, వేడెక్కితే తక్కువ. చాలా కార్లలో 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర సుమారు 300 ఓమ్‌లు. ఇది పాడై ఇంజిన్ వేడిగానే ఉందని చెబితే కంప్యూటర్ ఆ మాట నమ్మి పెట్రోలు తగ్గిస్తుంది, బండి ఆకలితో చచ్చిపోతుంది. పరీక్ష సులువు. రాత్రంతా ఆగి ఉన్న బండికి, సెల్ఫ్ కొట్టకముందే కారు కంప్యూటర్‌లోని అంకెలు చదివే స్కానర్ తగిలించి కూలెంట్ ఉష్ణోగ్రతా లోపలికొచ్చే గాలి ఉష్ణోగ్రతా చూడండి. రెండూ దాదాపు ఒకటే ఉండాలి. మైనస్ 40 అని చూపిస్తే అది చలి కాదు, చాలావరకు వైరు తెగిందనో కనెక్టర్ ఊడిందనో అర్థం. (సెల్సియస్‌లోనూ ఫారన్‌హీట్‌లోనూ మైనస్ 40 ఒకటే కాబట్టి స్కానర్ ఏ లెక్కలో ఉన్నా అదే అంకె కనిపిస్తుంది.)

పరికరాలేవీ లేకపోయినా రెండు సంగతులు తేల్చుకోవచ్చు. బండి ఆగిపోబోతుండగా యాక్సిలరేటర్ మీద కాలు కొద్దిగా, మరీ కొద్దిగా ఆనించండి. నిలబడిందంటే గాలి చాలడం లేదన్నమాట, గాలిని లోపలికి వదిలే తలుపు, అంటే థ్రాటిల్ దగ్గర మసి పేరుకుని ఉంటుంది, లేదా ఐడిలింగ్‌కి గాలి వదిలే వాల్వు బిగుసుకుపోయి ఉంటుంది, శుభ్రం చేస్తే చాలావరకు పోతుంది. నొక్కగానే ఇంకా ముక్కి ఆగిపోయిందంటే పెట్రోలు వైపు చూడాలి. రెండోది, తాళం తిప్పి సెల్ఫ్ కొట్టకుండా రెండు మూడు సెకన్లు ఆగండి, పంపు జుయ్‌మని ఆగుతుంది, ఇలా రెండు మూడుసార్లు చేసి అప్పుడు స్టార్ట్ చేయండి. తేడా కనిపిస్తే పెట్రోలు లైనులో ఒత్తిడి రాత్రికి రాత్రే కారిపోతోందని అర్థం.

రబ్బరు గొట్టాలు కూడా చూడాలి. ఏళ్లు గడిచి గట్టిపడిన గొట్టం చలికి ఇంకా బిగుసుకుని పగులు దగ్గర నోరు తెరుస్తుంది, కంప్యూటర్ లెక్కలో లేని గాలి అందులోంచి దూరుతుంది, వేడికి మెత్తబడి మూసుకుంటుంది. ఇంజిన్ తిరుగుతుండగా సన్నగా బుస్సుమని శబ్దం వస్తుందేమో వినండి. చెయ్యి మాత్రం ఫ్యాన్‌కీ బెల్టుకీ దూరంగా ఉండాలి.

ఇంజెక్టర్లు లేకుండా పెట్రోలునీ గాలినీ కార్బురేటర్ కలిపే పాత బండ్లది ఇంకో కథ, నాకు ఇష్టమైన కథ. చల్లటి ఇంజిన్‌కి పెట్రోలు పాలు పెంచే మూత, అంటే చోక్, సరిగ్గా మూసుకోకపోవడం మామూలే, అది కళ్లకు కనిపించే లోపం. కనిపించనిది మంచు. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది, కార్బురేటర్ లోపల ఒక్కసారిగా 20 డిగ్రీలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడిపోతుంది. బయట 5, 10 డిగ్రీలుండి గాలిలో తేమ బాగా ఉంటే ఆ తేమ లోపల గడ్డకట్టి గాలి దారిని మూసేస్తుంది. బయట నీళ్లే గడ్డకట్టని రోజున కార్బురేటర్‌లో మంచు! రెండు మూడు కిలోమీటర్లు పోయాక బండి దగ్గి ఆగిపోతుంది. ఐదు నిమిషాలాగితే ఇంజిన్ వేడికి మంచు కరిగిపోయి ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది, సాక్ష్యం కూడా మిగలదు. చిన్న పిస్టన్ విమానాల్లో కార్బురేటర్‌కి వేడిగాలి పంపే మీట ఉండేది ఇందుకే. పాత కార్లలో కూడా పొగ గొట్టం దగ్గర్నుంచి ఎయిర్ ఫిల్టర్‌కి వేడిగాలి తెచ్చే గొట్టం ఒకటి ఉంటుంది. చూస్తే చాలా బండ్లలో అది ఎప్పుడో చినిగిపోయో, పనికిరానిదనుకుని ఎవరో పీకి పారేసో ఉంటుంది.

ఈ పరీక్షలన్నీ ఆరుబయటే చేయండి, మూసిన గదిలో ఇంజిన్ తిప్పితే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది, అందులోనూ చల్లటి ఇంజిన్ వదిలేది ఎక్కువ. ఇవేవీ మీ వల్ల కాదనుకుంటే బండిని ముందురోజు సాయంత్రమే మెకానిక్ దగ్గర వదిలేసి, పొద్దున మొదటి సెల్ఫ్ ఆయన్నే కొట్టమనండి.