గేటు దాకా వెళ్లిన సైకిల్

అమ్ములూ, చిన్నోడా,

మొన్న ఆదివారం ఫోన్లో చిన్నోడు "తాతయ్యా, క్రికెట్ వద్దు, ఫ్రెండ్స్ వద్దు, ర్యాంకొస్తే చాలు" అన్నాడు. బంతి కోసం పక్కింటి గోడ దూకి తిట్లు తిన్నవాడు హాస్టల్లో చేరిన నెలకే ఈ మాటంటే, నాకు నా రిటైర్మెంట్ గుర్తొచ్చింది.

నేను 2009లో 58 నిండి బడి నుంచి దిగిపోయాను (అప్పటి రిటైర్మెంట్ వయసు అదే). మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో ఎర్ర పెన్ను పెట్టుకుని, సైకిల్ గేటు దాకా నడిపించాక మీ నాయనమ్మ "ఎక్కడికండీ?" అంది. ఏం చెప్పను! మళ్లీ తెచ్చి స్టాండు వేశాను.

తర్వాత మూడు నెలలు సరిగా నిద్ర లేదు, బీపీ మాత్ర మొదలైంది. ఆ రోజుల్లోనే నాకో కొత్త బుద్ధి పుట్టింది. ఎఫ్‌డీ రసీదులు రోజూ లెక్కపెట్టుకోవడం, గేటు తాళం రెండుసార్లు లాగి చూడటం, పనమ్మాయి అడ్వాన్స్ అడిగితే కసురుకోవడం. పొదుపు అనుకున్నాను గానీ అది ఉత్త భయం. ఓ సాయంత్రం ఎదురింటి పిల్లాడు దశాంశాలు అర్థం కావట్లేదని వచ్చాడు, వారం తిరిగేసరికి అరుగు మీద ఆరుగురయ్యారు. నిద్ర ఎప్పుడు తిరిగొచ్చిందో తెలీదు, బీరువా తెరిచి చాలా రోజులైందని మాత్రం కార్తీకంలో తట్టింది.

షాలోమ్ ష్వార్ట్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1992లో మనుషుల విలువల్ని పది రకాలుగా చెప్పి చక్రంలా అమర్చాడు. భద్రత ఒకవైపు, కొత్తదనం, సొంత ఆలోచన దానికి ఎదురువైపు. ఒకదాన్ని గట్టిగా పట్టుకుంటే ఎదుటిది జారుతుంది. మనసు బాగోనప్పుడు చెయ్యి ముందు భద్రత మీదికే పోతుందన్నది మాత్రం ఆయన మాట కాదు, నా అనుభవం.

ఇది అటునుంచీ ఉంది, మనం దేన్ని పట్టుకుని బతుకుతామో దాన్నిబట్టి కూడా మనసు కుంగడం, కోలుకోవడం ఉంటుంది. నాకు బడి తప్ప ఇంకోటి లేదు కాబట్టే అంత కూలబడ్డాను. నాతోపాటే దిగిన డ్రిల్ మాస్టారికి మొక్కల పిచ్చి, ఆయన వారంలో మామూలయ్యారు. అమ్ములూ, ఉద్యోగంలో చేరాక వీణ మూల పెట్టేశావని మీ అమ్మ చెప్పింది, అందుకే నీక్కూడా రాస్తున్నా.

చిన్నోడా, ర్యాంకు వద్దని నేననను. కాకపోతే నిద్రపట్టని ఈ నెలల్లో నీకేది కావాలో, ఏది అక్కర్లేదో తేల్చేసుకోకు. బంతి ఇక్కడ అటక మీదే ఉంది. దసరాకి వచ్చి తీసుకెళ్తావా, ఇప్పుడే పార్సిల్లో పంపించనా?

మీ తాతయ్య