చిమ్నీలోంచి పొగ రాకపోతే కాలుష్యం లేనట్టేనా? కరెంటు, భూతాపంపై అపోహలు - వాస్తవాలు

విద్యుత్ కేంద్రాల ఉద్గారాలను కొలవడం నా వృత్తి. చిమ్నీలోంచి ఏ వాయువు ఎంత పోతోందో చూడాలి. ఒక యూనిట్ కరెంటు తయారవడానికి గని దగ్గర్నుంచి బూడిద చెరువు దాకా ఎంత కార్బన్ గాల్లో కలిసిందో లెక్క తేల్చాలి. ఈ పనిలో పదేపదే వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. చదువుకున్నవాళ్లు కూడా వాటిని గట్టిగా నమ్ముతారు కాబట్టి ఓపిగ్గా జవాబు చెప్పాలనిపించింది.

అపోహ: నడుం సన్నగా ఉండే ఆ పెద్ద టవర్లలోంచి లేచే తెల్లటి పొగే కాలుష్యం

అది పొగ కాదు, నీటి ఆవిరి. టర్బైన్ తిప్పి వచ్చిన ఆవిరిని మళ్లీ నీరుగా మార్చడానికి వాడే చల్లటి నీళ్లు వేడెక్కుతాయి. వాటిని చల్లార్చేవే కూలింగ్ టవర్లు. వాటి కింద నిలబడితే ముఖం మీద సన్నటి తుంపర పడుతుంది. అణు విద్యుత్ కేంద్రంలోనూ ఇవే టవర్లు ఉంటాయి.

అసలు చూడాల్సింది పక్కనున్న సన్నటి పొడవాటి చిమ్నీని. బొగ్గు కేంద్రంలో చాలా రోజులు అందులోంచి ఏమీ రానట్టే ఉంటుంది. బూడిదను పట్టే ఈఎస్‌పీ (ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్) అనే యంత్రం బాగా పనిచేస్తే 99 శాతానికి పైగా ధూళి అక్కడే ఆగిపోతుంది. కంటికి కనిపించేది అంతవరకే. కార్బన్ డయాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు.

ఎంత పోతోందో లెక్క వేద్దాం. కార్బన్ పరమాణు భారం 12. అది కాలినప్పుడు గాలిలోని 32 పాళ్ల ఆక్సిజన్‌ను కలుపుకుని 44 అవుతుంది. అంటే ఒక టన్ను కార్బన్ నుంచి దాదాపు 3.67 టన్నుల వాయువు వస్తుంది. 60 శాతం కార్బన్ ఉన్న బొగ్గు ఒక టన్ను కాలిస్తే 2.2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తయారవుతుంది. కాల్చిన బొగ్గు కన్నా బయటికి పోయిన వాయువే బరువు! ఈ లెక్క చెప్తే చాలామంది ఒక పట్టాన నమ్మరు. బూడిద గుట్ట కళ్లెదుటే ఉంటుంది కాబట్టి దాని మీద ఫిర్యాదులు వస్తాయి. దానికన్నా ఎన్నో రెట్లు బరువైనది చప్పుడు లేకుండా పైకి పోతోంది.

అపోహ: సోలార్ ప్యానెల్ తయారీకి పట్టినంత శక్తి కూడా అది తిరిగి ఇవ్వదు

తయారీకి ఖర్చయిన శక్తిని ఇప్పటి ప్యానెల్ ఎండను బట్టి ఒకటి రెండేళ్లలో తిరిగి ఇచ్చేస్తుంది. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తుంది.

అలాగని దానికి కార్బన్ లెక్క సున్నా అని రాసే ప్రకటనలను కూడా నేను ఒప్పుకోను. సిలికాన్ శుద్ధి, గాజు, అల్యూమినియం ఫ్రేము, రవాణా అన్నీ కలపాలి. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన శాస్త్రీయ సంఘం ఐపీసీసీ 2014 నివేదిక అలా మొత్తం కలిపి యూనిట్‌కు ఇచ్చిన మధ్యస్థ అంకెలివి: బొగ్గు 820 గ్రాములు, సహజ వాయువు 490, సోలార్ 40 నుంచి 50 మధ్య, జలవిద్యుత్ 24, అణు విద్యుత్ 12, నేల మీది గాలిమరలు 11. ఎక్కడా సున్నా లేదు. కానీ 820కీ 11కీ ఉన్న దూరం చూడండి.

ఇదే సందర్భంలో ఇంకొకటి. ఎండ ఎంత మండితే సోలార్ అంత ఎక్కువ ఇస్తుందనుకుంటారు. ప్యానెల్‌కు కావాల్సింది వెలుతురే తప్ప వేడి కాదు. ప్యానెల్‌లోని సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి సుమారు 0.3 నుంచి 0.4 శాతం దిగుబడి పడిపోతుంది. సెల్ 65 డిగ్రీలకు చేరిందంటే పన్నెండు, పదహారు శాతం పోయినట్టే.

అపోహ: సహజ వాయువు శుభ్రమైన ఇంధనం

కాల్చే చోట మాత్రమే చూస్తే బొగ్గు కన్నా మెరుగే. కార్బన్ డయాక్సైడ్ సుమారు సగమే వస్తుంది, బూడిద ఉండదు. కానీ సహజ వాయువులో అత్యధిక భాగం మీథేన్. కాలకుండా గాల్లో కలిస్తే ఇరవై ఏళ్ల వ్యవధిలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా 80 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. నూరేళ్ల లెక్కలో అయితే దాదాపు 30 రెట్లు.

బావి నుంచి బర్నర్ దాకా వేల వాల్వులు, గొట్టాలను కలిపే ఫ్లాంజులు, కంప్రెసర్లు ఉంటాయి. మామూలు కంటికి ఆ జాయింట్ల దగ్గర ఏమీ కనిపించదు. అదే జాయింటును ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలో చూస్తే నల్లటి పొగలా వాయువు ఎగజిమ్ముతూ కనిపిస్తుంది. మొత్తం మీద మూడు శాతం చుట్టుపక్కల లీకైతే చాలు, ఇరవై ఏళ్ల లెక్కలో బొగ్గు మీద ఉన్న ఆధిక్యం తుడిచిపెట్టుకుపోతుంది. అయితే మీథేన్ గాల్లో సగటున పన్నెండేళ్లే నిలుస్తుంది. లీకులు ఆపితే ఫలితం త్వరగా కనిపిస్తుంది. ఇంత తేలికగా దొరికే లాభాన్ని వదులుకోవడం చూస్తే నాకు బాధేస్తుంది.

మీథేన్ సమస్య జలాశయాల్లోనూ ఉంది. బ్రెజిల్‌లోని బల్బినా డ్యామ్ కేవలం 250 మెగావాట్ల కోసం రెండు వేల చదరపు కిలోమీటర్లకు పైగా అమెజాన్ అడవిని ముంచింది. నీటి అడుగున గాలి తగలకుండా కుళ్లిన చెట్టూచేమా మీథేన్‌ను వదులుతాయి. అన్ని డ్యాములూ ఇలా ఉండవు. లోతు, వాతావరణం, మునిగిన అడవిని బట్టి లెక్క మారుతుంది.

అపోహ: అన్నిటికన్నా ఎక్కువ ప్రాణాలు తీసేది అణు విద్యుత్తే

1986 నాటి చెర్నోబిల్, 2011 నాటి ఫుకుషిమా ప్రమాదాలను కలిపి చూసినా, ఉత్పత్తి చేసిన యూనిట్ల లెక్కన మరణాలు బొగ్గుతోనే ఎన్నో రెట్లు ఎక్కువ. బొగ్గు పొగలోని సూక్ష్మ ధూళి ఊపిరితిత్తుల్లోకి, గుండెలోకి చేరి రోజూ చంపుతూనే ఉంటుంది. ఆ చావులు వార్తల్లోకి రావు. అణు విద్యుత్‌పై అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి: కట్టడానికి పట్టే ఏళ్లు, అయ్యే ఖర్చు, వాడిన ఇంధనాన్ని భద్రపరిచే బాధ్యత.

అపోహ: ఈ కార్బన్ అంతా అగ్నిపర్వతాలది, మనది కాదు

అగ్నిపర్వతాలు ఏటా వదిలేది మనుషులు వదిలేదాంట్లో ఒక శాతం కూడా ఉండదు. పైగా బొగ్గు, చమురు తమ గుర్తు గాల్లో వదిలిపోతాయి. కార్బన్-14 అనేది కాలం గడిచేకొద్దీ తరిగిపోయే రేడియోధార్మిక కార్బన్. దాని అర్ధాయువు, అంటే సగం తరిగిపోవడానికి పట్టే కాలం, 5,730 ఏళ్లు. కోట్ల ఏళ్లు భూమిలో ఉన్న ఇంధనంలో అది మిగలదు. ఆ ఇంధనం కాలిన కొద్దీ గాలిలో కార్బన్-14 నిష్పత్తి పలచబడుతుందని 1950ల్లోనే హాన్స్ స్యూస్ అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు. ఇక భూమి వేడెక్కడానికి సూర్యుడే కారణమైతే వాతావరణం కింది పొర, పై పొర రెండూ వేడెక్కాలి. కానీ కింద వేడెక్కుతూ పైన స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది.

అపోహ: ఉద్గారాలు కాస్త తగ్గితే భూమి చల్లబడుతుంది

2020లో ప్రపంచమంతా ఆగిపోయినప్పుడు కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాలు దాదాపు 5 శాతం తగ్గాయి. అయినా గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే హవాయిలోని మౌనా లోవా కేంద్రంలో అంకె ఆ ఏడాదీ పెరిగింది. అక్కడ 1958లో శాస్త్రవేత్త చార్లెస్ కీలింగ్ కొలతలు మొదలుపెట్టినప్పుడు పది లక్షల పాళ్లకు 315 పాళ్లు ఉండేది, ఇప్పుడు 420 దాటింది. మనం వదిలేదాంట్లో సముద్రాలు, అడవులు పీల్చుకోగా సుమారు సగం గాల్లోనే ఉండిపోతుంది. తగ్గించడం మొదలుపెడితే పెరిగే వేగం తగ్గుతుంది. మనం వదిలేదీ, గాల్లోంచి తొలగించేదీ సమానమై నికరంగా సున్నాకు చేరినప్పుడే ఉష్ణోగ్రత పెరగడం దాదాపుగా ఆగుతుంది.

అందుకు కరెంటు ఒక్కటే మారితే సరిపోదు. ప్రపంచం వాడే తుది శక్తిలో కరెంటు వాటా దాదాపు ఐదో వంతే. సిమెంటునే తీసుకోండి. కొలిమిని పూర్తిగా సోలార్ కరెంటుతో వేడి చేసినా, దాని ఉద్గారాల్లో సగానికి పైగా అలాగే మిగులుతాయి. సున్నపురాయి కాలి సున్నంగా మారేటప్పుడు ఆ రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. దానికి సున్నపురాయిని కాల్చి చేసే క్లింకర్‌ను తగ్గించి, ఉక్కు కొలిమిలో మిగిలే స్లాగ్‌ను, కాల్చిన బంకమట్టిని కలపడం లాంటి వేరే దారులు వెతకాలి.