ముఖం లేని సెల్ఫ్ పోర్ట్రెయిట్: అపోహలు – వాస్తవాలు

అపోహ: పోలిక రాకపోతే అది సెల్ఫ్ పోర్ట్రెయిట్ (మనమే వేసుకునే మన బొమ్మ) కాదు.

బొమ్మలు వేయాలన్న కోరికను ఈ మాట చంపినంతగా ఇంకేదీ చంపదు. ముక్కు వంకర పోయిందని, కళ్లు ఎగుడుదిగుడయ్యాయని చెరిపి చెరిపి, చివరికి పేపరు లేచిపోయాక "మన వల్ల కాదులే" అని వదిలేస్తారు. దయచేసి వదిలేయకండి. డచ్ చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో 1888లో ఫ్రాన్స్‌లోని ఆర్ల్‌లో తన కుర్చీ బొమ్మ వేశాడు. గడ్డి అల్లిన సీటు, దాని మీద పైపు, పొగాకు పొట్లం, వెనక ఉల్లిగడ్డల పెట్టె మీద విన్సెంట్ అన్న సంతకం. మనిషి లేడు. మెక్సికో చిత్రకారిణి ఫ్రీదా కాలో 1933లో న్యూయార్క్ భవనాల మధ్య తన మెక్సికన్ దుస్తులు మాత్రం వేలాడుతున్నట్టు బొమ్మ వేసింది. ఆమె లేదు. అయినా రెండూ వేసినవాళ్ల గురించే చెబుతాయి.

ముఖం తీసేస్తే పని తేలికవుతుందనుకోవద్దు. పోలిక తెచ్చే బాధ్యత వస్తువు మీదికి మారుతుంది, అంతే. "ఒక చెప్పుల జత" వేస్తే అది ఎవరిదైనా కావచ్చు. మడమ ఏ వైపు అరిగింది, తెగిన పట్టీకి కుట్టు ఎక్కడ పడింది అన్నది వేస్తేనే మీది.

రోజూ మీ చేతికి తగిలే వస్తువులు 20 రాయండి. పక్కింట్లోనూ అచ్చం అలాగే ఉండేవి కొట్టేయండి. 3 మిగిలితే చాలు. ఆ మూడింటితో 2×3 అంగుళాల చిన్న స్కెచ్‌లు 6 వేయండి, ఒక్కోదానికి 3 నిమిషాలు. మూడూ ఒకే సైజులో పెడితే కొట్టులో అలమరలా కనిపిస్తుంది; ఒకటి పెద్దదిగా ఉండాలి, ఒకటి అంచు దగ్గర సగం తెగిపోయినా పర్వాలేదు. మీరు రోజూ చూసే ఎత్తు నుంచే వేయండి. వంటగట్టు ముందు నిలబడితే గిన్నెల నోళ్లు కనిపిస్తాయి, నేల మీద కూర్చుంటే పక్కలే కనిపిస్తాయి. ఆ తేడాతోనే మీ శరీరం గీయకుండానే బొమ్మలోకి వస్తుంది. కిటికీ వెలుగులో నీడలు జరుగుతుంటాయి కాబట్టి ముందు నీడల అంచులు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.

అపోహ: ప్రతీకలు ఎంత ఎక్కువైతే అంత లోతు.

సీతాకోకచిలుక, పగిలిన అద్దం, తెగిన సంకెళ్లు. ఇవి ఎవరి బొమ్మలోకైనా సరిపోతాయి, అందుకే మీ గురించి ఏమీ చెప్పవు. తీసేయండి.

అపోహ: పాత ఫొటోలు, ఉత్తరాలు అతికిస్తే సరి.

అసలువి ముట్టుకోకండి, జిరాక్స్ తీయించండి. ఇంక్‌జెట్ ప్రింట్ తడి జిగురు తగిలితే కారిపోతుంది, టోనర్ (పొడి ఇంకు) జిరాక్స్ కారదు. అడుగున 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) మందపాటి పేపరు వాడండి, పలచటిదైతే వంకర్లు తిరుగుతుంది. జిగురు పలచగా రాసి, పైన ప్లాస్టిక్ షీటు పరిచి, రాత్రంతా బరువు పెట్టండి. న్యూస్‌పేపర్ ముక్కలు మాత్రం పసుపెక్కిపోతాయి.

అపోహ: చూసినవాళ్లకు వెంటనే అర్థం కావాలి.

అక్కర్లేదు. బొమ్మకు పేరు పెట్టకుండా, మిమ్మల్ని బాగా ఎరిగిన ఇద్దరికి చూపించండి. "బాగుందా?" అని అడక్కండి, "ఇది ఎవరిది?" అని అడగండి. ఏ వస్తువు దగ్గర వాళ్ల చూపు ఆగిందో గమనించండి. ఇద్దరి చూపూ ఆగని వస్తువును తీసేసి, మిగతా రెండింటితో మళ్లీ వేయండి.