‘లవ్ మ్యాటర్’ అని తీసిపారేసే ముందు: ఇంటర్ పిల్లల మధ్య హింసపై అపోహలు - వాస్తవాలు

పదో తరగతి కాగానే పరకాల, నర్సంపేట, ములుగు, భూపాలపల్లి వైపు నుంచి పిల్లలు హన్మకొండ హాస్టళ్లకు చేరతారు. పరిచయాలు అవుతాయి, కొన్ని బెదిరింపుల దాకా పోతాయి. సంగతి బయటపడ్డప్పుడు ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న ‘ఎవడు వాడు, ఎన్నాళ్ల సంది?’ అని. ఆ ప్రశ్నతోనే బిడ్డ నోరు మూసుకుంటుంది. ముందు అడగాల్సింది ‘నీకు భయమైతుందా బిడ్డా?’ అని.

అపోహ: చెయ్యి చేసుకుంటేనే హింస

దెబ్బ చాలా ఆలస్యంగా పడుతుంది. దానికి ముందు మాటలు నడుస్తాయి. ‘ప్రేముంటే ఇన్‌స్టా పాస్‌వర్డ్ ఇయ్యి’, ‘ఆన్‌లైన్ల ఉండి రిప్లై ఎందుకియ్యలే’, ‘దానితోని తిరగకు’, ‘నువ్వు మాట్లాడకుంటే చెయ్యి కోసుకుంట’. చివరిది విన్నప్పుడు పిల్లలకు జాలి పుడుతుంది, అది బెదిరింపని తట్టదు. అట్లాంటి మాట వినగానే అన్నవాడి ఇంట్లోవాళ్లకో వార్డెన్‌కో చెప్పాలి, అతనికి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఇవ్వాలి. అప్పటికప్పుడు ప్రాణం మీదికి వస్తే 112. ఒంటరిగా కలవడానికి మాత్రం పోవద్దు. అబ్బాయిలూ ఇట్లా చిక్కుకుంటారు, నవ్వుతారని చెప్పుకోరు.

అపోహ: వెంటపడితే ఎప్పటికైనా ఒప్పుకుంటది

మన సినిమాలు ఏళ్ల తరబడి నేర్పిన పాఠమిది. అమ్మాయి ఇష్టం లేదని స్పష్టంగా చెప్పాక కూడా వెంటపడితే భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం: మొదటిసారి మూడేళ్ల దాకా, మళ్లీ చేస్తే అయిదేళ్ల దాకా జైలు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోసింది, 2019 ఫిబ్రవరిలో హన్మకొండలో డిగ్రీ విద్యార్థినికి పెట్రోలు పోసి నిప్పంటించింది ‘కాదు’ అన్న మాటను తట్టుకోలేనివాళ్లే.

అందుకే విడిపోయే రోజుల్లో ఎక్కువ జాగ్రత్త కావాలి. ‘ఆఖరిసారి ఒక్కసారి కలుద్దాం’ అంటే, జనం తిరిగే భద్రకాళి చెరువు బండ్ మీదనైనా సరే, ఒంటరిగా పోవద్దు. ఇచ్చిన గిఫ్టులు చేతికి తిరిగి ఇవ్వాల్సిన పని లేదు. కనీసం ఇద్దరు పెద్దలకు తెలియాలి. కొన్ని వారాలు బస్సు, దారి, టైం మార్చుకోవాలి. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్, గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్, స్నాప్‌చాట్‌లో స్నాప్ మ్యాప్ చూసి ఆపేయాలి. ఎక్కడున్నదీ అతనికి ఎట్లా తెలుస్తుందో అర్థంకాక భయపడే పిల్లల ఫోన్లలో తరచూ ఇవే తెరిచి ఉంటాయి.

అపోహ: ఫోన్ గుంజుకొని, కాలేజీ మాన్పిస్తే సరి

మా లెక్కలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం దీనితోనే. ఫోన్ పోతే సాక్ష్యం పోతుంది, స్నేహితులూ దూరమవుతారు. ‘ఇంట్ల చెప్త’ అని అవతలివాడు బెదిరిస్తుంటే, ఆ బెదిరింపుకు బలం ఇచ్చేది ఇంట్లో దొరకబోయే శిక్షే. చదువు పోతదన్న భయంతోనే పిల్లలు నెలల తరబడి దాచిపెడతారు. ‘చదువు ఆగదు, తిట్టం, ముందు విషయం చెప్పు’ అని తండ్రి నోటి నుంచి వస్తే సగం బెదిరింపు అక్కడే చచ్చిపోతుంది. హడావుడిగా పెళ్లి చేయడం పరిష్కారం కాదు. 18 నిండకుండా చేస్తే అదే ఇంకో నేరం.

అపోహ: ఫొటో పంపింది కదా, ఇంక చేసేదేముంది

చేసేది చాలా ఉంది, వరస మాత్రం తప్పొద్దు. ముందు సాక్ష్యం: బెదిరింపు మెసేజ్, యూజర్‌నేమ్, ప్రొఫైల్ లింకు, తేదీ, టైం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయాలి. స్నాప్‌చాట్‌లో స్క్రీన్‌షాట్ తీస్తే అవతలివాడికి తెలిసిపోతుంది, ఇంకో ఫోన్‌తో ఫొటో తీయండి. నగ్న చిత్రాన్ని మాత్రం సాక్ష్యం పేరుతో కూడా ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దు. మైనర్ చిత్రమైతే పంపినవాళ్ల మీద ఐటీ చట్టం 67బి వర్తిస్తుంది. మేనమామ గ్రూపులో పెట్టి ‘ఏంది ఇది’ అని నిలదీయడమూ ఆ లెక్కలోకే వస్తుంది.

డబ్బు ఇవ్వొద్దు. ఇచ్చిన కొద్దీ అడుగుతారు. ఇప్పటికే పోయి ఉంటే ఆలస్యం లేకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లల విభాగంలో పేరు చెప్పకుండా ఫిర్యాదు చేయొచ్చు, అయితే దాని పురోగతి తర్వాత చూసుకోలేరు. ఫొటో నెట్‌లో పాకకుండా ఆపించే వెబ్‌సైట్లు రెండున్నాయి: చిత్రం తీసినప్పటికి అందులో ఉన్నవారి వయసు 18 లోపైతే టేక్ ఇట్ డౌన్, పైబడితే స్టాప్ ఎన్‌సీఐఐ. ఈ రెండూ ఉచితం. ఫొటో మీ ఫోన్ దాటిపోదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే ఫేస్‌బుక్, ఇన్‌స్టా వంటి వాటికి చేరుతుంది. వాట్సాప్ చాట్లలో తిరిగేవాటిని ఇది ఆపలేదు. బ్లాక్ చేయడం ఆఖరున, అదీ ఒక పెద్ద మనిషికి తెలిశాకే.

అపోహ: కేసు పెడితే బద్నాం అయితం

18 లోపు పిల్లలపై లైంగిక నేరాలకు వర్తించే పోక్సో చట్టం ప్రకారం బాధితురాలి పేరు, బడి, ఉండే చోటు మీడియాలో రాకూడదు. వాంగ్మూలం ఇంట్లోనో బిడ్డ కోరుకున్న చోటో, వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా తీసుకోవాలి. సాయం కోసం: షీ టీమ్స్ (మహిళల భద్రతకు పోలీసు బృందాలు), సఖి కేంద్రం, మహిళల హెల్ప్‌లైన్ 181, పిల్లలకైతే 1098.

లెక్చరర్లకు, వార్డెన్లకు ఒక మాట. ‘ఎవ్వరికీ చెప్ప, చెప్పు బిడ్డా’ అని ముందే మాట ఇవ్వకండి. 18 లోపు వారిపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పడం పోక్సో 19వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి. ఇష్టంతో జరిగినా చట్టం ఆ ఇష్టాన్ని లెక్కలోకి తీసుకోదు. కాబట్టి ఏది దాచగలరో, ఏది దాచలేరో పిల్ల నోరు తెరవకముందే చెప్పాలి.

అపోహ: ఇవన్నీ చెప్తే లేని ఆలోచనలు పుడ్తయి

అమెరికాలోని నార్త్ కరోలినాలో 1990లలో 8, 9 తరగతులకు ప్రేమ సంబంధాల్లో హింస గురించి ‘సేఫ్ డేట్స్’ పేరుతో 10 పాఠాలు చెప్పారు. నాలుగేళ్ల తర్వాత చూసినా, ఆ పాఠాలు విన్న పిల్లల్లో హింస విననివాళ్లకన్నా తక్కువే. మార్చి 8న ఆడిటోరియంలో ఒక గంట ఉపన్యాసంతో ఇది రాదు. ముప్పై మందికి మించని గుంపు, వారానికి 40 నిమిషాలు, మొదట అబ్బాయిలు అమ్మాయిలు వేరుగా, తర్వాత కలిపి. ‘వద్దు’ అని చెప్పడం అమ్మాయిలకు నేర్పుతున్నాం, విన్నాక ఏం చేయాలో అబ్బాయిలతో సాధన చేయించడం మర్చిపోతున్నాం. సగం క్లాసులు దానికే పెట్టండి. పేరు రాయకుండా ప్రశ్నలు వేసే డబ్బా ఒకటి ఉంచండి, ఆఫీసు రూం ముందు మాత్రం వద్దు. అక్కడ పెడితే ఎవరూ వేయరు. నీళ్ల ట్యాంకు దగ్గరో మెట్ల కిందో పెట్టండి.