దాచితే పోయేవి వారాలే: టీనేజీ గర్భం మీద అపోహలు - వాస్తవాలు

‘నలుగురికీ తెలియకుండా ఉంటే చాలు, ఐదో నెల దాటాక చూపిద్దాం.’ ఇంకా చదువుకునే వయసున్న పిల్ల గర్భవతి అని తెలిసిన ఇంట్లో మొదట వినిపించే మాట ఇదే. పెళ్లైన పిల్ల అయితే మాట వేరేగా ఉంటుంది: ‘లేత వయసు, గట్టి ఒళ్లు, దానికేమవుతుంది?’ సిగ్గుతో దాచినా, ధీమాతో వదిలేసినా జరిగేది ఒకటే. 12 వారాల లోపు మొదటి పరీక్షకు రావాల్సిన పిల్ల 28 వారాలకు వస్తుంది. కొందరైతే నొప్పులు మొదలయ్యాకే వస్తారు.

అందుకే ఈ ఒక్క అపోహ గురించి వివరంగా రాయాలి. మిగతావి త్వరగా చెప్పేసుకోవచ్చు.

అపోహ: చిన్న వయసులో కాన్పు తేలిక, పరీక్షలకు తొందరేం లేదు

తేలిక కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో టీనేజీ తల్లులంటే 10 నుంచి 19 ఏళ్ల వాళ్లు. 20-24 ఏళ్ల వాళ్లతో పోలిస్తే వీళ్లలో గుర్రపువాతం (బీపీ పెరిగి మూర్ఛలు రావడం), కాన్పు తర్వాత గర్భసంచికి చీము పట్టడం, ఒళ్లంతా ఇన్ఫెక్షన్ పాకడం ఎక్కువ. పిల్లలు నెలలు నిండకుండా పుట్టడం, బరువు తక్కువగా పుట్టడం కూడా ఎక్కువే. 15 ఏళ్ల లోపు పిల్లలకైతే కటి ఎముకలు ఇంకా పూర్తిగా ఎదిగి ఉండవు. బిడ్డ తల కిందికి దిగక నొప్పులు గంటల తరబడి సాగితే మూత్రాశయానికీ యోనికీ మధ్య రంధ్రం పడి, మూత్రం ఎప్పుడూ కారుతూనే ఉండే పరిస్థితి రావచ్చు.

ఇది చదివి భయపడుతున్న అమ్మాయికీ, వాళ్లమ్మకీ ఒక మాట. ఈ ముప్పుల్లో చాలావాటిని ముందే పట్టుకోవచ్చు. పట్టుకోవడానికి వారాలు చేతిలో ఉండాలి, అంతే. ఆ వారాలు ఎందుకు కావాలో చూడండి.

మొదటిది తేదీ. ఈ వయసులో నెలసరి తరచూ క్రమం తప్పుతుంది. ఆఖరి నెలసరి ఎప్పుడంటే చాలామంది సరిగ్గా చెప్పలేరు. మొదటి మూడు నెలల్లో స్కానింగ్ చేస్తే వారాల లెక్క నాలుగైదు రోజులు, మహా అయితే వారం తేడాతో తేలుతుంది. ఏడో నెల దాటాక చేస్తే మూడు వారాల దాకా తేడా రావచ్చు. 33వ వారమో 36వ వారమో తెలియని పిల్లకు నొప్పులొస్తే, బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ అవసరమా కాదా అన్న దగ్గరే డాక్టర్ చేతులు కట్టేసినట్టవుతుంది. అందుకే స్కానింగ్ ఒక్కటైనా 24 వారాల లోపు జరగాలి.

రెండోది రక్తం. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములు ఉండాలి. 7 కంటే తగ్గితే అది తీవ్ర రక్తహీనత. తన ఎదుగుదలే పూర్తికాని పిల్ల శరీరంలో ఐరన్ నిల్వ మొదటినుంచీ తక్కువే. మామూలుగా రోజుకు 30 నుంచి 60 మిల్లీగ్రాముల ఐరన్, 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ సరిపోతాయి. రక్తహీనత తేలితే ఐరన్ 120 మిల్లీగ్రాములకు పెంచుతారు. మాత్రలు మానకుండా వేసుకున్నా హిమోగ్లోబిన్ ఒక్క గ్రాము పెరగడానికి మూడు నాలుగు వారాలు పట్టవచ్చు. 8 గ్రాములతో ఎనిమిదో నెలలో వచ్చిన పిల్లకు మాత్రలతో 11కు చేరే సమయం మిగలదు. మామూలు కాన్పులో పోయే రక్తమే ఆ పిల్లకు ప్రాణం మీదికి తెస్తుంది. ఇంకో పొరపాటు చాలా ఇళ్లలో కనిపిస్తుంది: ఐరన్, కాల్షియం మాత్రలు రెండూ కలిపి ఒకేసారి మింగిస్తారు. కాల్షియం ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. రెంటికీ మధ్య కొన్ని గంటలు ఎడం ఉండాలి. మలం నల్లగా రావడం ఐరన్ వల్లే, దానికి భయపడి మాత్ర మానేయొద్దు.

మూడోది బీపీ. ప్రాణాలు తీసే పెద్ద ముప్పుల్లో ఇదొకటి. 20 వారాల తర్వాత బీపీ 140/90కి చేరితే మూత్రంలో ప్రొటీన్ చూడాలి. 160/110 అయితే ఆ గంటలోనే ఆసుపత్రి. అయితే చిన్న పిల్లల్లో ఒక చిక్కుంది. వాళ్ల మామూలు బీపీయే 100/60 దగ్గర ఉంటుంది. అలాంటి పిల్లకు 30వ వారంలో 130/85 వస్తే జబ్బు అని తేల్చేయలేం గానీ, నెల తర్వాత చూద్దామని పంపేయకూడదు. కొద్ది రోజుల్లోనే మళ్లీ కొలవాలి. మొదటి నెలల్లో కొలిచిన అంకె గర్భిణి పరీక్షల కార్డులో లేకపోతే ఈ పెరుగుదల ఎవరి కంటా పడదు. పైగా సన్నని చేతికి పెద్దవాళ్ల కఫ్ (బీపీ కొలిచే పట్టీ) చుడితే బీపీ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. చిన్న కఫ్ అడగండి. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, చెయ్యి గుండె ఎత్తులో ఉంచి కొలవమనండి. అడగడానికి మొహమాటం వద్దు.

తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి, ముఖం, చేతులు ఉబ్బడం, రక్తస్రావం, ఉమ్మనీరు కారడం, జ్వరం, బిడ్డ కదలికలు తగ్గడం, మూర్ఛ. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు.

వారాలు ఇప్పటికే పోయి ఉంటే? ఈ రోజే వెళ్లండి. ఆలస్యంగా వచ్చిన పిల్లకు చేయగలిగింది ఎంతో ఉంటుంది. మొత్తం మీద కనీసం ఎనిమిది సార్లు చూపించుకోవాలన్నది సిఫారసు. నాలుగు పోతే మిగిలిన నాలుగూ వదులుకోవాలని కాదు.

ఇది ఒక్క ఇంటి సంగతి మాత్రమే కాదనడానికి కారణం ఉంది. దాచమని ఆ పిల్లకు నేర్పింది చుట్టూ ఉన్న మనమే. ఆసుపత్రి వరుసలో అందరి ముందూ ‘పెళ్లయిందా?’ అని గట్టిగా అడిగితే ఆ పిల్ల రెండోసారి రాదు. పరీక్ష గదిలోకి తీసుకెళ్లి, వెంట వచ్చినవాళ్లను కాసేపు బయట ఉండమని, ఒంటరిగా మాట్లాడాలి. ఇంట్లో భయం ఉందా, ఎవరైనా బలవంతం చేశారా అన్నది అప్పుడే బయటికొస్తుంది. ‘ఎవరు చేశారు’ అని నిలదీస్తే ఆ మాట లోపలే ఉండిపోతుంది. ‘నువ్వు వచ్చి మంచి పని చేశావు’ అన్న మాటతో మొదలుపెట్టండి.

మిగతా పుకార్లు

మొదటిసారి కలిస్తే గర్భం రాదట. వస్తుంది. రజస్వల కాకముందు రాదట. మొదటి నెలసరికి ముందే అండం విడుదల కావచ్చు కాబట్టి అప్పుడూ రావచ్చు. కలిశాక కడుక్కున్నా, నిలబడినా ఆగదు. వీర్యకణాలు లోపల ఐదు రోజుల దాకా బతుకుతాయి.

అత్యవసర గర్భనిరోధక మాత్ర గర్భస్రావం చేయదు, అండం విడుదలను వాయిదా వేస్తుంది. దానిలోని మందు లెవోనార్‌జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు ఒకే మోతాదుగా, కలిసిన 72 గంటల లోపు వేసుకోవాలి, ఎంత త్వరగా అయితే అంత మేలు. రెండు గంటల లోపు వాంతి అయితే మళ్లీ వేసుకోవాలి. మూడు వారాల తర్వాత మూత్ర పరీక్ష తప్పనిసరి.

పాఠశాలలో శరీరం గురించి చెబితే పిల్లలు చెడిపోతారన్న భయానికి ఆధారం లేదు. లైంగిక విద్య వల్ల పిల్లలు ముందుగా మొదలుపెట్టరని పరిశోధనలు పదేపదే చూపించాయి. ఆ పాఠం అబ్బాయిలకూ చెప్పాలి.

పెళ్లయితే అది సమస్య కాదన్న మాట మరీ దారుణం. శరీరం పెళ్లి పత్రిక చూడదు. 2019 అంచనా ప్రకారం తక్కువ, మధ్య ఆదాయ దేశాల్లో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో ఏటా 2.1 కోట్ల గర్భాలు వస్తున్నాయి. వాటిలో దాదాపు సగం కోరుకోకుండా వచ్చినవే.

అపోహ: ఎవరికీ చెప్పకుండా ఇంట్లోనే ఏదో మింగించి తీయించుకోవచ్చు

ఎన్ని వారాలో తెలియకుండా, గర్భం గర్భసంచిలోనే ఉందో ట్యూబులో ఉందో చూడకుండా మింగించే మందు ప్రాణాంతకం. పుల్లలు, పసర్ల సంగతి చెప్పక్కర్లేదు. ఇప్పటికే జరిగిపోయి ఉంటే తిట్లు తర్వాత. గంటకు రెండు పెద్ద ప్యాడ్లు తడిసిపోతూ వరుసగా రెండు గంటలు సాగినా, జ్వరం, దుర్వాసన, కళ్లు తిరగడం ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏం మింగిందో, ఎప్పుడు మింగిందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. చికిత్స దాని మీదే ఆధారపడుతుంది.

అపోహ: ఒక కాన్పు అయిపోయింది, ఇక గండం గడిచింది

టీనేజీ తల్లికి వెంటనే వచ్చే రెండో గర్భం మొదటిదానికంటే తక్కువ ముప్పేమీ కాదు. రక్తం కోలుకోకముందే మళ్లీ మొదలవుతుంది. కాన్పుకూ మళ్లీ గర్భానికీ మధ్య కనీసం 24 నెలలు ఉండాలి. ‘పాలిస్తోంది కదా, రాదులే’ అని వదిలేయడమే ఇక్కడ పెద్ద తప్పు. చనుబాల మీద నమ్మకం పెట్టుకోవాలంటే మూడు షరతులూ ఒకేసారి ఉండాలి: బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు, పగలూ రాత్రీ తల్లిపాలు తప్ప మరేదీ పట్టకూడదు, నెలసరి మళ్లీ మొదలై ఉండకూడదు. ఒక్కటి తప్పినా ఆ రక్షణ లేనట్టే.

కాపర్-టీ, చేతిలో పెట్టే ఇంప్లాంట్ ‘ఇంకా పిల్లలు పుట్టనివాళ్లకు, చిన్నవాళ్లకు పనికిరావు’ అంటారు. వయసు ఒక్కటే కారణంగా కాదనాల్సిన తాత్కాలిక గర్భనిరోధక పద్ధతి ఏదీ లేదు. తీసేస్తే గర్భం మళ్లీ వస్తుంది. కాపర్-టీ కాన్పయిన 48 గంటల లోపు వేయవచ్చు. ఆ గడువు దాటితే నాలుగు వారాలు ఆగాలి. ఇంప్లాంట్ పాలిచ్చే తల్లికీ వెంటనే పెట్టవచ్చు. ఈస్ట్రోజెన్ హార్మోన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు మాత్రం పాలిచ్చేటప్పుడు ఆరు వారాల లోపు అసలు వద్దు, ఆరు నెలల దాకా వేరే పద్ధతే మేలు. ఈ మాటలు కాన్పు గదిలో, నొప్పుల మధ్య అడిగేవి కావు. ఏడో నెల పరీక్షలోనే ఆ అమ్మాయితో, ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడి, తను ఎంచుకున్న పద్ధతి పేరు కార్డు మీద రాయించాలి. డిశ్చార్జికి ముందు ఆ కార్డు తీసి చూడాలి.